పేపరు మీద ఎవరి పేరు ముందుండాలి?

(జనాభా అధ్యయన శాఖలో చాలాకాలం పాఠాలు చెప్పి రిటైరైన ప్రొఫెసర్ ఈ శీర్షికలో పాఠకులకు జవాబులిస్తున్నారు. ఈ నెల పరిశోధన పత్రాల (పేపర్ల) మీద ఆడవాళ్ల పేర్ల గురించి వచ్చిన ఉత్తరాలు.)

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. నేను జనాభా అధ్యయనంలో పీహెచ్‌డీ నాలుగో ఏడు చదువుతున్నాను. నా టాపిక్ శిశు మరణాలు. సర్వే షెడ్యూల్ (ప్రశ్నల పట్టిక) తెలుగులో రాసింది నేను. ఊళ్లు తిరిగి ఆడవాళ్లతో మాట్లాడింది నేనూ, రోజు కూలీ మీద పెట్టుకున్న ఇద్దరు అమ్మాయిలూ. డేటా ఎంట్రీ, క్లీనింగ్ నావే. పేపరు మొదటి డ్రాఫ్టు కూడా నేనే రాశాను. జర్నల్‌కి పంపబోయే కాపీ చూస్తే గైడు గారి పేరు మొదట ఉంది, రిగ్రెషన్ మోడల్స్ (కంప్యూటర్‌లో గణాంక విశ్లేషణ) రన్ చేసిన సీనియర్ అన్నయ్య పేరు తర్వాత ఉంది, నాది మూడోది. అడిగితే "నువ్వు ఫీల్డు చూసుకున్నావమ్మా, అనాలిసిస్ అతనే కదా చేసింది" అన్నారు. గట్టిగా మాట్లాడితే థీసిస్ దగ్గర ఇబ్బంది వస్తుందని టెన్షన్‌గా ఉంది. వదిలేయమంటారా?
(పేరు, ఊరు వేయవద్దన్నారు)

జవాబు: వదిలేయకండమ్మా. పేపరు ఇంకా జర్నల్‌కి వెళ్లలేదు కాబట్టి చేతిలో టైముంది.

మీ గైడు గారు ఫీల్డునీ అనాలిసిస్‌నీ రెండు వేర్వేరు పనులుగా చూస్తున్నారు. మన సబ్జెక్టులో అది చెల్లదు. శిశు మరణాల రేటు కంప్యూటర్‌లో పుట్టదు, తల్లి ఎదురుగా కూర్చుని రాసే కాన్పుల చరిత్రలో పుడుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అడిగే వరుస మీకు తెలిసిందే. మీ దగ్గర ఉంటున్న కొడుకులెందరు, కూతుళ్లెందరు, వేరే చోట ఉంటున్నవాళ్లెందరు, పుట్టి పోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా? మొదటిసారి అడిగితే చాలామంది "లేరమ్మా" అంటారు. అక్కడితో ఆగి సున్నా వేసుకుని లేచి వచ్చేస్తే ఆ బిడ్డ లెక్కలో లేనట్టే. పుట్టగానే ఏడ్చిన బిడ్డ, కాస్త ఊపిరి ఉండి తర్వాత దక్కని బిడ్డ ఎవరైనా ఉన్నారా అని మళ్లీ అడగాలి. అప్పుడు ఆవిడ తల తిప్పి వంటింటి వైపు చూస్తుంది. అత్తగారు గుమ్మంలో కూర్చుని ఉంటే మాట బయటికి రాదు. పెద్దావిడను మంచినీళ్లు అడిగి లోపలికి పంపి, ఆ కాసేపట్లోనే ఆ ప్రశ్న మళ్లీ అడగడం ఏ పుస్తకంలోనూ ఉండదు. రెండు కాన్పుల మధ్య నాలుగేళ్ల ఎడం కనిపిస్తే పెన్ను ఆపి, ఈ మధ్యలో ఇంకో కాన్పు ఏదైనా అయిందా అని అడగాలి.

తేదీల సంగతీ అంతే. నేను కృష్ణా జిల్లాలో సర్వేలకి తిరిగిన రోజుల్లో బిడ్డ పుట్టిన సంవత్సరం చెప్పగలిగిన తల్లులు తక్కువ. "ఉప్పెనప్పుడు వీడు చంకలో ఉన్నాడు" అంటే దివిసీమ ఉప్పెన, 1977 నవంబరు. "రామారావు గెలిచినప్పుడు కడుపులో ఉంది" అంటే 1983 జనవరి. ఆ గుర్తుకి ఇటు ఎన్ని నెలలు, అటు ఎన్ని నెలలు అని తేల్చుకుంటూ బిడ్డ వయసు రాసుకునేవాళ్లం. అలా చేయకపోతే వయసులన్నీ 5 దగ్గరా 10 దగ్గరా కుప్పపడిపోతాయి. ఆ తర్వాత ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ తెచ్చినా వాటిని విడదీయలేదు. ఇది అనాలిసిస్ కాక మరేమిటి?

ఇక నిబంధనలు. అంతర్జాతీయ వైద్య పత్రికల సంపాదకుల కమిటీ రచయిత అనిపించుకోవడానికి నాలుగు షరతులు పెట్టింది. ఆరోగ్యం మీద వచ్చే చాలా జర్నల్స్ వాటినే పాటిస్తాయి. ఆలోచనలోనో, డేటా సేకరణలోనో, విశ్లేషణలోనో గట్టి పాత్ర ఉండాలి. రాయడంలోనో, ముఖ్యమైన దిద్దుబాట్లలోనో చెయ్యి ఉండాలి. చివరి కాపీకి ఒప్పుకుని ఉండాలి. పేపరులో ఉన్నదానికి బాధ్యత వహించాలి. మొదటి షరతులో డేటా సేకరణ స్పష్టంగా ఉంది, చూశారా? ఆ మొదటి షరతు తీర్చినవాళ్లకి రాయడంలోనూ దిద్దడంలోనూ పాల్గొనే అవకాశం ఇవ్వాలని కూడా ఆ కమిటీయే చెప్పింది. మన దగ్గర అమ్మాయిల్ని ఆపేది ఈ రెండో మెట్టు దగ్గరే. ఫీల్డు అయిపోగానే "నువ్వు రెస్టు తీసుకో" అంటారు. డ్రాఫ్టు మరొకరి టేబుల్ మీదికి వెళ్లిపోతుంది. మీ విషయంలో డ్రాఫ్టూ మీదే కాబట్టి మీ హక్కు ఇంకా గట్టిది.

మూడో పేరైతే ఏం, పేరుంది కదా అని సర్దిచెప్పేవాళ్లుంటారు. ప్రమోషన్లకీ, అసోసియేట్ ప్రొఫెసర్, ఆ పైన పోస్టులకీ లెక్కేసే రీసెర్చ్ స్కోరు యూజీసీ 2018 నిబంధనల్లో ఎలా ఉందో ఒకసారి చదవండి. ఇద్దరు రాస్తే చెరో 70 శాతం. ఇద్దరి కంటే ఎక్కువమంది ఉంటే మొదటి రచయిత, ప్రధాన రచయిత లేదా (జర్నల్‌తో ఉత్తరాలు నడిపే) కరస్పాండింగ్ ఆథర్‌కి 70 శాతం, మిగతావాళ్లకి తలా 30. సామాజిక శాస్త్రాల్లో పేపరుకి 10 పాయింట్లు కనుక మొదటి స్థానంలో ఉంటే మీకు 7, మూడో స్థానంలో ఉంటే 3. ఒక్కో పేపరు దగ్గరా ఇలా జరుగుతూ పోతే పదిహేనేళ్ల తర్వాత ఇంటర్వ్యూ బోర్డు ముందు ఎవరి ఫైలు బరువుగా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు చేయాల్సిన పని చెప్తాను. గైడు గారి గదికి వెళ్లి వాదించకండి. ఈమెయిల్ రాయండి. కోపం వద్దు, ఫిర్యాదు మాటలు వద్దు. జర్నల్స్ ఇప్పుడు ఎవరు ఏం చేశారో చెప్పమని ఒక పట్టిక అడుగుతున్నాయి. క్రెడిట్ పట్టిక అంటారు, అందులో 14 పాత్రలుంటాయి. ఆలోచన, పద్ధతి, సమాచార సేకరణ, డేటా నిర్వహణ, విశ్లేషణ, మొదటి డ్రాఫ్టు, దిద్దుబాటు, పర్యవేక్షణ, నిధులు ఇలా. ఆ పట్టిక మీరే నింపి, "సార్, జర్నల్ వాళ్లు అడుగుతారు కదా అని తయారు చేశాను, ఒకసారి చూడండి" అని పంపండి. ఎదురుగా పెడితే కాగితమే మాట్లాడుతుంది. పర్యవేక్షణ, నిధులు, ఆలోచన గైడు గారివి. వాటిని నిజాయితీగా ఆయన పేరు కింద రాయండి. ఆయనకి కరస్పాండింగ్ ఆథర్‌గా చివరి స్థానం గౌరవమైనదే. విశ్లేషణ అన్నయ్యది, రెండో స్థానం ఆయనకు న్యాయం. మీరు మొదటి స్థానం అడగండి. ఒప్పుకోకపోతే ఇద్దరు మొదటి రచయితలుగా వేసే పద్ధతి చాలా జర్నల్స్‌లో ఉంది, అది అడగండి. అదీ కాదంటే ఇదే డేటాతో వచ్చే తర్వాతి పేపరు మీదని మెయిల్‌లో రాయించుకోండి. నోటిమాట సరిపోదు. కొత్త బ్యాచ్ రాగానే నోటిమాట మరచిపోతారు.

ఏదీ కుదరకపోతే? పేపరు పంపేటప్పుడు జర్నల్ రచయితలందరి సమ్మతి అడుగుతుంది. సమ్మతి ఇవ్వకుండా ఉండే హక్కు మీకుంది. అయితే రచయితల వరస తగాదాలు జర్నల్స్ తీర్చవు, మీ సంస్థకే తిప్పి పంపుతాయి. అక్కడ మీ పీహెచ్‌డీని చూసే రీసెర్చ్ కమిటీకి కన్వీనర్ ఆ గైడు గారే కాబట్టి అక్కడికి ఒంటరిగా వెళ్లకండి. డిపార్ట్‌మెంటులో మీరు నమ్మే మరో ప్రొఫెసర్‌కి ముందే విషయం చెప్పి ఉంచండి. థీసిస్ భయం నాకు అర్థమవుతుంది. 2022 పీహెచ్‌డీ నిబంధనల తర్వాత థీసిస్ ఇవ్వడానికి పేపరు అచ్చై ఉండాలన్న యూజీసీ షరతు లేదు. కాబట్టి ఈ ఒక్క పేపరు కోసం మీ పీహెచ్‌డీ ఆగిపోదు. మీ యూనివర్సిటీ సొంత నిబంధన ఏముందో మాత్రం చూసుకోండి.

ఒక సంగతి చెప్పాలి. హారియట్ జుకర్‌మన్ అని అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఉన్నారు. కొలంబియాలో పీహెచ్‌డీ కోసం నోబెల్ బహుమతి గ్రహీతల్ని వెతుక్కుంటూ వెళ్లి ఇంటర్వ్యూలు చేశారు. ఆ ఇంటర్వ్యూలు ఆధారంగా ఆమె ప్రొఫెసర్ రాబర్ట్ మెర్టన్ 1968లో ఒక పేపరు రాశారు. పేరున్నవాళ్లకే మరింత పేరొస్తుంది అన్న 'మాథ్యూ ఎఫెక్ట్' సిద్ధాంతం అందులోదే. పేపరు మీద మెర్టన్ పేరొక్కటే ఉంది. ఆ పేపరు ఇద్దరి పేర్లతో రావలసిందని తర్వాత మెర్టన్ స్వయంగా రాశారు. రాయడం మంచిదే. కానీ ప్రపంచం ఈనాటికీ దాన్ని మెర్టన్ 1968 అనే ఉదహరిస్తోంది. అచ్చయ్యాక దిద్దుకోవడం అంత కష్టం. అందుకే ఇప్పుడే అడగమంటున్నాను.

మీతో తిరిగిన ఆ ఇద్దరు అమ్మాయిల్నీ మరవకండి. వాళ్లు రచయితలు కాకపోవచ్చు. కృతజ్ఞతల్లో "ఫీల్డ్ స్టాఫ్‌కి ధన్యవాదాలు" అని రాయకుండా ఇద్దరి పేర్లూ, వాళ్ల అనుమతితో, పూర్తిగా రాయండి. నేను పని నేర్చుకున్న మొదటి సర్వే రిపోర్టులో మా అందరికీ కలిపి దొరికింది ఆ రెండు ముక్కలే. ఊరి పొలిమేరలో బస్సు దిగి ఎండలో నడిచిన అమ్మాయిల్లో ఒక్కరి పేరూ అందులో లేదు. ఆ రిపోర్టు లైబ్రరీలో కనిపించినప్పుడల్లా నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

ప్రశ్న: మా వారూ నేనూ ఇద్దరం ఒకే సబ్జెక్టు లెక్చరర్లం. కలిసి పేపర్లు రాస్తాం. సెమినార్లలో ప్రశ్నలన్నీ ఆయన్నే అడుగుతారు, నేను రాసిన భాగం గురించి కూడా. విడిగా రాసుకోమంటారా?
(ఒక లెక్చరర్, గుంటూరు)

జవాబు: రెండూ చేయండి. మన రంగంలో భార్యాభర్తల జంటలు చాలా ఉన్నాయి. వాళ్ల పేర్లు ఎలా నిలిచాయో చూస్తే దారి కనిపిస్తుంది.

ఐరీన్ టాయిబర్ ప్రిన్స్‌టన్‌లో జనాభా పరిశోధన కార్యాలయంలో దశాబ్దాలు పనిచేశారు. అమెరికా జనాభా సంఘానికి అధ్యక్షురాలైన మొదటి మహిళ ఆమే, 1953లో. అంత చేసినా ప్రిన్స్‌టన్‌లో ప్రొఫెసర్ హోదా ఎన్నడూ రాలేదు. 1958లో ఆమె పుస్తకాలు రెండు వచ్చాయి. అమెరికా జనాభా మీద భర్త కాన్రాడ్‌తో కలిసి రాసినది ఒకటి, దాని మీద ఆయన పేరు ముందుంది. జపాన్ జనాభా మీద ఒక్కరే రాసిన పెద్ద గ్రంథం రెండోది. ఈ రంగంలో ఆమె పేరు నిలబెట్టింది రెండోదే.

జుడిత్ బ్లేక్ సంగతి చూడండి. సంతాన సాఫల్యాన్ని (ఎందరు పిల్లలు పుడతారన్నదాన్ని) సామాజిక కారణాలు ఏ దారుల్లో ప్రభావితం చేస్తాయో చెప్పే 1956 వ్యాసం ఎమ్మే విద్యార్థులందరూ చదువుతారు. భర్త కింగ్స్‌లీ డేవిస్ పేరు మొదట, ఆమెది తర్వాత. కానీ ఆమె 1961లో జమైకా కుటుంబాల మీద సొంత పుస్తకం తెచ్చారు, 1981లో జనాభా సంఘానికి అధ్యక్షురాలయ్యారు. అందుకే ఇవాళ క్లాసులో "డేవిస్-బ్లేక్" అంటే రెండూ పూర్తి పేర్లే, ఒకరికి ఇంకొకరు తోక కాదు.

మన దేశంలో పుణె గోఖలే ఇన్‌స్టిట్యూట్ నుంచి కుముదినీ దాండేకర్ అదే చేశారు. 1953లో పుణె జిల్లా జనన మరణాల సర్వే భర్త వి.ఎం. దాండేకర్‌తో కలిసి. 1959లో ఆరు గ్రామీణ సముదాయాల సర్వే ఒక్కరే. ఇక భారత ఆర్థిక చరిత్ర మీద కేంబ్రిడ్జ్ వాళ్లు 1983లో తెచ్చిన సంపుటంలో 1757 నుంచి 1947 వరకు మన జనాభా చరిత్ర రాసింది లీలా విసారియా, ప్రవీణ్ విసారియా. ఆమె పేరే ముందు. నాకు ఆ పేజీ చూస్తే ఇష్టం.

మీ అనుమానం వట్టిది కాదని చెప్పడానికి ఒక అధ్యయనం ఉంది. అమెరికాలో అర్థశాస్త్ర శాఖల్లో ఉద్యోగం ఖాయం చేసేటప్పుడు ఏం జరుగుతోందో హీథర్ సార్సన్స్ లెక్కతీశారు. కలిసి రాసిన పేపర్లకి మగవాళ్లకి ఒంటరిగా రాసినంత విలువా దక్కుతోంది, ఆడవాళ్లకి తగ్గిపోతోంది. మగవాళ్లతో కలిసి రాస్తే మరీ తగ్గుతోంది. అర్థశాస్త్రంలో పేర్లు అక్షరక్రమంలో వేస్తారు కాబట్టి ఎవరు ఎంత చేశారో కనపడదు. ఆ ఖాళీని బోర్డు సభ్యులు తమ ఊహలతో నింపుకుంటారు. ఎవరెంత చేశారో దాన్నిబట్టి పేర్ల వరస ఉండే సోషియాలజీలో ఆ తేడా కనిపించలేదు. అంటే ఎవరు ఏం చేశారో రాసి పెట్టడం ఉత్త లాంఛనం కాదు. అది మీకు రక్షణ.

మీరిద్దరూ వంతులవారీగా పేర్ల వరస మార్చుకోండి. ప్రతి పేపరులో ఎవరు ఏం చేశారో ఒక వాక్యం రాయండి. ఏడాదికి ఒకటైనా మీ ఒక్కరి పేరుతో తీసుకురండి. సెమినార్లో మీ భాగం మీద ప్రశ్న ఆయనకి వస్తే, ఆయనే మైకు మీకు ఇవ్వాలి. ఈ మాట ఆయనకి నా మాటగా చెప్పండి.

ప్రశ్న: మేడం, అంకెలు అంకెలే కదా. లెక్క ఆడవాళ్లు వేసినా మగవాళ్లు వేసినా ఒకటే వస్తుంది. రచయితలు ఎవరన్నది ఎందుకు పట్టించుకోవాలి?
(ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ విద్యార్థి, వరంగల్)

జవాబు: కూడిక ఎవరు చేసినా ఒకటే బాబూ. ఏది కూడాలి అన్నది ఒకటి కాదు.

1993లో సుసాన్ వాట్కిన్స్ అనే పరిశోధకురాలు ఒక పని చేశారు. అమెరికా జనాభా సంఘం పత్రిక 'డెమోగ్రఫీ' 1964లో మొదలైనప్పటి నుంచి జననాలు, పెళ్లి, కుటుంబం మీద వచ్చిన వ్యాసాలన్నీ చదివారు. ఈ పత్రిక ఒక్కటే చదివితే ఆడవాళ్ల గురించి మనకేం తెలుస్తుంది అని అడిగారు. తెలిసింది ఏమిటంటే, ఆడవాళ్లు పిల్లల్ని కంటారు, పెంచుతారు. అంతకు మించి పెద్దగా ఏమీ లేదు. ఆ వ్యాసాల్లో మగవాళ్లయితే దాదాపు కనబడరు, పిల్లలకి తండ్రులే లేనట్టు. లెక్కలన్నీ సరైనవే. అడిగిన ప్రశ్నలే ఇరుకైనవి.

మన దేశానికి వద్దాం. 1901లో వెయ్యిమంది మగవాళ్లకి 972 మంది ఆడవాళ్లున్నారు, 1971కి 930 అయ్యారు. సెన్సస్ పుస్తకాల్లో ఆ అంకె పదేళ్లకొకసారి అచ్చవుతూనే ఉంది. ప్రవీణ్ విసారియా లాంటి మగవాళ్లు దాని మీద శ్రద్ధగా పనిచేశారు కూడా, ఆ గౌరవం వాళ్లకి ఇవ్వాలి. కానీ అది దేశం మాట్లాడుకోవలసిన సమస్య అని గట్టిగా ముందుకు తెచ్చింది 1974లో మహిళల స్థితిగతుల కమిటీ ఇచ్చిన నివేదిక. దానికి సభ్య కార్యదర్శి వీణా మజుందార్. 1987లో మోనికా దాస్ గుప్తా పంజాబ్ పల్లెల డేటాను ఇంకో రకంగా విడదీసి చూశారు. ఆడపిల్లలందరికీ ఒకే గతి పట్టడం లేదని తేలింది. ఇంట్లో అప్పటికే అక్క ఉన్న చెల్లెలు చనిపోయే ప్రమాదం చాలా ఎక్కువ. సగటు అంకెలో ఆ చెల్లెలు కనబడదు. పుట్టిన వరస ప్రకారం విడదీయాలని తోచినవాళ్లకే కనబడుతుంది.

భర్త కొట్టడం గురించి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇప్పుడు ప్రత్యేక విభాగం ఉంది. ఒక ఇంట్లో ఒక్క స్త్రీనే ఎంపిక చేసి, పక్కన ఎవరూ లేనప్పుడే అడగాలి. ఎవరైనా వస్తే ప్రశ్న ఆపేయాలి. అడిగేది ఆడమనిషే. ఎంతమంది దెబ్బలు తింటున్నారన్న అంకె ఎలా వచ్చిందో మీ స్టాటిస్టిక్స్ క్లాసులో అడిగి చూడండి. ఇంకొకటి, జనాభా అధ్యయనం మీద మన దేశంలో తరతరాల విద్యార్థులు చదివిన పాఠ్యపుస్తకం రాసింది ఆశా భెండే, తారా కనిట్కర్. ఇద్దరూ ఆడవాళ్లే.

ప్రశ్న: వచ్చే నెల నా పెళ్లి. రెండు పేపర్లు పుట్టింటి ఇంటిపేరుతో వచ్చాయి. ఇక మీదట ఏ పేరుతో రాయాలి?
(పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్)

జవాబు: ముందుగా శుభాకాంక్షలమ్మా. ఆధార్‌లో, బ్యాంకులో ఇంటిపేరు మార్చుకుంటారో లేదో మీ ఇష్టం. పేపర్ల మీద మాత్రం మొదటి పేపరు ఏ పేరుతో వచ్చిందో ఆ పేరే ఉంచండి. పేరు మారితే సైటేషన్లు (మీ పేపర్లను ఇతరులు ఉదహరించిన లెక్క) ఇద్దరు మనుషుల మధ్య చీలిపోతాయి. ఓర్సిడ్ అని 16 అంకెల గుర్తింపు సంఖ్య ఉచితంగా ఇస్తారు. అది తీసుకుని పాత పేపర్లు రెండూ దానికి కలపండి. ఏ పేరుతో రాసినా అన్నీ ఒకే చోట ఉంటాయి.

ఇంకో మాట. ఇనిషియల్స్‌తో సరిపెట్టకుండా మీ పేరు పూర్తిగా రాయండి. ఏ పత్రికలో ఆడవాళ్లు ఎందరు రాస్తున్నారో లెక్కపెట్టే అధ్యయనాలు చాలావరకు మొదటి పేరు చూసి సాఫ్ట్‌వేర్‌తోనే ఆడా మగా తేలుస్తాయి. ఉత్త అక్షరాలుంటే వదిలేస్తాయి. మన పేర్లలో కిరణ్ ఎవరో, సత్య ఎవరో మనకే తెలియదు. లక్ష్మీనారాయణ గారిని రెండు ముక్కలుగా రాస్తే ఆయన్ని ఆడవాళ్ల లెక్కలో వేసినా వేస్తుంది. పెళ్లి పనుల్లో పడకముందే ఆ ఓర్సిడ్ రిజిస్ట్రేషన్ పూర్తి చేయండి, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది.